ఒక పిన్నూ, పదిహేను కంది సాళ్లూ

నా చేతి బాణం మా నాయన తలగుడ్డను ఊడబెరుక్కుని పోయి నేలలో దిగింది. ఇది జరిగి నెల దాటింది, అంతే. మనిషికి ఏమీ కాలేదు. ఇదిగో, ఇప్పుడే వసారాలో కూర్చుని కాఫీలో చక్కెర తక్కువైందని నా మీద విసుక్కుంటున్నాడు. అయినా రెండు అంగుళాలు కిందికి వచ్చి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన వచ్చినప్పుడల్లా ఓసారి పోయి ఆయన్ను చూసి వస్తాను.

మాది పామిడికి కూతవేటు దూరంలో ఒక పల్లె. అమ్మ పోయాక ఇంట్లో నేనూ నాయనా ఇద్దరమే. పామిడిలో ఒక ప్రైవేటు బడిలో నేను డ్రిల్లు టీచర్ని. అనంతపురంలో కాలేజీ చదివేటప్పుడు విలువిద్య నేర్పుతున్నారంటే సరదాకి చేరాను. ఆ సరదా తలకెక్కి ఇంక దిగలేదు. నా దగ్గరున్నది రెండు కొసల్లో చక్రాలుండే కాంపౌండ్ విల్లు. ఊళ్లోవాళ్ల కంటికి అది విల్లులాగే కనబడదు. "ఏమ్మా, యాడిదో బాయి గిలక పీక్కొచ్చినట్ల ఉండాదే!" అన్న పెద్దమనిషి కూడా ఉన్నాడు.

నేను పోయేది వేటగాళ్ల పద్ధతిలో జరిగే పోటీకి. నిజం వేట కాదు. మా చుట్టుపక్కల అడవి పందులు చేన్లు తవ్విపోస్తున్న మాట నిజమే. "ఉత్త బొమ్మల్ని కొట్టి ఏం లాభమమ్మా, రెండు పందుల్ని కొట్టరాదా" అని నన్ను సతాయించని రైతు లేడు. అడవి జంతువు మీద బాణం వేస్తే జైల్లో కూర్చోబెడతారని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. పోటీలో ఉండేవి గట్టి ఫోముతో చేసిన పందీ, జింకా, ఎలుగుబంటీ. వాటిని చెట్ల మధ్యా గుట్టల మీదా ఒక్కోదాన్ని ఒక్కో దూరంలో నిలబెడతారు. ఎంత దూరమో చెప్పరు. కొలిచే యంత్రం తేనివ్వరు. కంటితోనే అంచనా కట్టుకోవాలి.

పోయినేడాది రాష్ట్ర ఎంపికలకు పోయి కింది నుంచి మూడోదాన్నై తిరిగొచ్చాను. ఈసారి జట్టులో నా పేరు ఉంటే ఉన్నట్టు, లేకపోతే విల్లు అటకెక్కించడమేనని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను. ముప్పై రెండేళ్లు దాటినదాన్ని, బడికి సెలవు పెట్టి, ఆ నాలుగు రోజులూ నాయన చేత చెయ్యి కాల్పించి వంట చేయించి, ఇంకెన్నేళ్లు ఓడిపోయి రావాలి?

ఓడిపోయిన కోపాన్ని ఎవరిమీదో ఒకరి మీద చూపాలి కదా. నేను సైటు మీద చూపాను.

సైటంటే విల్లుకు బిగించే గురి. ఉంగరంలాంటి చట్రం, అందులో సన్నని పిన్ను, పిన్ను కొసన మెరిసే చుక్క. ఆ చుక్కను జంతువు మీద నిలిపి బాణం వదలాలి. దూరం పెరిగే కొద్దీ బాణం కిందికి జారుతుంది కాబట్టి ఒక్కో దూరానికి ఒక్కో చుక్క కావాలి. ఐదు పిన్నుల సైటులో ఐదు చుక్కలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. అన్నిటికన్నా పైది ఇరవై గజాలకు, రెండోది ముప్పైకి, మూడోది నలభైకి, అట్లా అరవై దాకా. ఒంటి పిన్ను సైటులో ఒకటే చుక్క. పక్కనున్న చిన్న చక్రం తిప్పి దూరం పెట్టుకుంటే ఆ చుక్కే పైకీ కిందికీ జరుగుతుంది. రెండిటికీ పోటీలో విభాగాలు వేరు. ఏదో ఒకటి తేల్చుకుని దరఖాస్తులో రాయాలి. ఒకసారి రాసి పంపితే మార్చరు.

పోయినసారి నా విల్లుకున్నది ఐదు పిన్నులది. దాన్ని చేసిచ్చింది మా మామ. సొంత మామ కాదు. పామిడిలో మోటారు సైకిళ్లు బాగుచేసే సాయిబు, నాయనకు చిన్ననాటి స్నేహితుడు. ఒకరినొకరు బావా బావా అనుకుంటారు, అందుకని నాకు మామ. సైకిల్ స్పోకులు సన్నగా అరగదీసి, కొసలకు రేడియం చుక్కలంటించి, పాత బండి అద్దం చట్రంలో కూర్చి ఇచ్చాడు. తను చేసిన పనుల్లోకెల్లా అదే గొప్పదని ఆయన నమ్మకం. నేనేమో ఆ పోటీలో పంది ఎదురుగా నిలబడి, రెండో పిన్నా మూడో పిన్నా అని కొట్టుమిట్టాడి, చెయ్యి వణికి, గురి చెదిరి వచ్చాను. తప్పంతా ఆ స్పోకులదేనని తీర్మానించుకున్నాను. బెంగుళూరు నుంచి ఒంటి పిన్ను సైటు తెప్పించుకుని, బిగించమని తిన్నగా మామ కొట్టుకే తీసుకుపోయాను. నా తెగింపు అట్లాంటిది.

మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఒకటేనా? మిగతా నాలుగూ యాడ రాలిపోయినాయి పాపా?"

"రాలిపోలేదు మామా, అవసరం లేదు. ఐదుంటే కండ్లు చెదుర్తాయి. ఇదా అదా అని తన్నుకులాడే లోపల చెయ్యి వణుకుతాది. ఒకటే ఉంటే తకరారే లేదు."

"నీ దిమాక్ ఏమన్నా ఖరాబైనాదా? తకరారు ఉండాల్నే!" అని సుద్దముక్క తీసుకుని నేల మీద పంది బొమ్మ గీశాడు. "ఇట్ల చూడు. పంది నలభై గజాల్లో ఉండాదనుకో. మూడో పిన్ను దాని కడుపు మీద పెడితే రెండో పిన్ను సరిగ్గా వీపు మీదికొస్తాది. పంది దగ్గరుంటే లావుగా కనపడి, రెండు పిన్నులూ కడుపులోనే దాంకుంటాయి. అప్పుడు తెల్సిపోతాది, నేను దూరం తప్పనుకున్నానే అని. ఒకటే పిన్నుంటే ఎవురు చెప్తారు నీకు?"

"దూరం నేను తప్పు చూస్తే కదా! నీ పిన్నుల పంచాంగం నాకొద్దు మామా, ఇది బిగిచ్చు."

ఆయన ముఖం చిన్నబోయింది. అది నేను చూశాను, చూసీ పట్టించుకోలేదు. కొత్తది బిగించి, తను చేసిన ఐదు పిన్నుల దాన్ని పేపర్లో చుట్టి పై అరలో పెట్టాడు. "నీ ఇష్టం. ఇది ఈడనే ఉంటాది" అన్నాడు.

దూరం నేను తప్పు చూడనని అంత ధీమాగా ఎట్లా అన్నానో చెప్పాలి. అక్కడే ఉంది నా ఘనకార్యమంతా.

మా వైపు వేరుశనగ చెట్టుకు ఊడలు దిగే రోజుల్లో చేన్లో ఎవరూ అడుగు పెట్టరు. పువ్వు రాలాక దాని మొదట్లోంచి సన్నని ఊడ వంగి మన్నులోకి దిగుతుంది, ఆ ఊడ కొసనే కాయ పడుతుంది. కాలు పడితే ఆ కాయ పోయినట్టే. ఈ విషయంలో నాయన పరమ మొండి. కుక్క దూరినా దాని ఏడు తరాలనూ తిడతాడు. నేను చేను పడమటి వైపు బండిదారి మీద నిలబడి, పైరు మీదుగా, తూర్పు గట్టు ముందర పెట్టిన పంది మీదికి బాణాలు వేసేదాన్ని. వేసినవి తెచ్చుకోవాలంటే గట్ల మీదుగా చుట్టు తిరిగి పోవాల్సిందే. బండిదారి వంకర కాబట్టి, నిలబడే చోటు మార్చితే దూరం మారుతుంది. కానీ ఆ దూరాన్ని అడుగులేసి కొలవడానికి లేదు.

అందుకని నేను కందులు, అంటే కంది సాళ్లు, లెక్కపెట్టేదాన్ని. మా ఇంట్లో పొలం మాటలన్నీ సాళ్ల లెక్కలోనే సాగుతాయి. కొడవలి యాడ పెట్టినావు నాయనా అంటే, "మూడు కందుల అవతల" అంటాడు. మా ఎద్దుల గొర్రుతో విత్తితే సాలుకూ సాలుకూ మధ్య ఒక అడుగు. ఏడు సాళ్లు వేరుశనగ, ఎనిమిదోది కంది. అంటే కందికీ కందికీ ఎనిమిది అడుగులు. కంది మొక్క ఎత్తుగా పెరుగుతుంది, ఎంత దూరం నుంచైనా లెక్క తెగుతుంది. పదిహేను కందులంటే నూట ఇరవై అడుగులు, అంటే నలభై గజాలు. ఒంటి పిన్నుకు ఇంతకన్నా ఏం కావాలి? కందులు లెక్కపెట్టు, చక్రం తిప్పు, వదులు. రెండు వారాల్లో ఒక్క బాణం తప్పలేదు. నా అంతటిది లేదని నేను గాల్లో తేలిపోతున్నాను.

పంది గురించి కూడా చెప్పాలి. దాన్ని చేసింది నాయన. గోనెసంచుల్లో చెనక్కాయ పొట్టు కూరి, నాలుగు కట్టె కాళ్లు పెట్టి, చింపిరి తోక కూడా కుట్టాడు. తెచ్చి నా ముందు పడేసి, "ఇదిగో, కొట్టుకో" అని వెళ్లిపోయాడు. విల్లు గురించి ఆయన నాతో మాట్లాడిందల్లా అంతే. ఎగతాళికి చేశాడనుకున్నాను. నేను బాణాలు వేసినంతసేపూ ఎక్కడా కనబడేవాడు కాదు. వేయడం అయిపోయి గట్టు చుట్టి వచ్చేసరికి, తూర్పు గట్టు అవతల మా రెండో మడిలో ఎద్దులకు గడ్డి కోస్తూ ఉండేవాడు. మావాళ్లు గెనిమ అనే ఆ గట్టు నిండా కత్తుల్లాంటి ఆకుల కిత్తనార మొక్కలు దట్టంగా పెరిగి ఉంటాయి. అవతల మనిషి కూర్చున్నా ఇవతలికి కనబడదు.

ఇక ఆ పొద్దు సంగతి.

ముందు రోజు మంచి వాన పడింది. నేను రోజూ పందిని పెట్టే ఉత్తరం సగంలో గట్టు తెగి బురదైంది. అందుకని పందిని నెత్తిన పెట్టుకుని దక్షిణం సగం వైపు గట్టు ముందర నిలబెట్టి, చుట్టు తిరిగి బండిదారి మీదికి వచ్చాను. పంది తడిసి చిరిగితే ముందు సాయంత్రమే కొత్త పొట్టు కూరాను. కందులు లెక్కపెట్టాను. పదిహేను. మళ్లీ లెక్కపెట్టాను. పదిహేనే. చక్రం నలభైకి తిప్పాను. తాడు లాగి చుక్కను పంది కడుపు మీద పెడితే, పంది రోజూ కన్నా లావుగా అనిపించింది. కొత్త పొట్టు కదా, ఉబ్బిందిలే అనుకున్నాను. దేవుడా, అట్లా అనుకున్నాను నేను.

వదిలాను. బాణం పంది వీపు మీదుగా పోయింది. రోజూ వినబడే 'టప్' అన్న చప్పుడు వినబడలేదు. కిత్తనార ఆకులు ఒక్కసారి కదిలాయి. ఆ వెనకనే ఒక కేక.

అది నాయన గొంతు.

విల్లు ఎక్కడ పడేశానో తెలియదు. గట్టూ లేదు, దారీ లేదు, ఊడలు దిగిన చేనుకు అడ్డం పడి పరిగెత్తాను. "నాయనా! నాయనా!" అని అరుస్తూనే ఉన్నాను. గట్టెక్కి చూస్తే ఆయన నేల మీద కూలబడి, బోడితలను రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. వేళ్ల సందుల్లోంచి సన్నగా నెత్తురు. ఆయనకు నాలుగు అడుగుల వెనక నా బాణం నేలలో దిగబడి ఉంది, దానికి ఆయన తలగుడ్డ గుచ్చుకుని వేలాడుతోంది.

నేను కొయ్యబారిపోయాను. ఆయన తలెత్తి నన్ను చూశాడు, తర్వాత నా వెనక చేన్లోకి చూశాడు. మొట్టమొదట అన్న మాట ఏమిటో తెలుసా?

"చేన్లో తొక్కుకుంటా వచ్చినావా మ్మే!"

అప్పుడు ఏడ్చాను. అట్లాంటి ఏడుపు అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు. బాణం నెత్తి చర్మాన్ని బొటనవేలంత పొడవున గీరుకుంటూ పోయింది, అంతే. ఊళ్లో ఆరెంపీ డాక్టరు దగ్గరికి తీసుకుపోతే, "ఏమైనాది పెద్దాయనా?" అని ఆయన అడిగాడు. నేను నోరు తెరిచేలోపల నాయనే, "కిత్తనార ముల్లు గీరినాది" అన్నాడు. కట్టు కట్టించుకుని ఇంటికొచ్చి, చద్దన్నం తిని, తలగుడ్డ చిల్లును వెలుగుకు పట్టి చూసుకుని, మళ్లీ అదే చుట్టుకున్నాడు.

గురి వెనక ఏముందో చూడకుండా బాణం పెట్టకూడదని కాలేజీలో మొదటి రోజే నేర్పారు నాకు. బడిలో పిల్లలకు బంతి విసిరేటప్పుడు కూడా ముందూ వెనకా చూడండర్రా అని అరిచేదాన్ని. నాకు గట్టుంది కదా అన్న పొగరు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ సాయంత్రం నాయన అడిగాడు. "ఎన్ని కందులు లెక్కపెట్టినావు?"

"పదిహేను."

నాయన నెత్తి మీది కట్టును వేళ్లతో తడుముకున్నాడు. "ఆ సగం ట్రాక్టరు విత్తనం గదా మ్మే. ఎద్దుకు కాలు నొచ్చిందని బాడుగ ట్రాక్టరు పిలిపిచ్చినాం గదా. దాని సాళ్లు దగ్గరగా పడినాయి, విత్తనం జాస్తి పట్టిందని ఆ పొద్దే చెప్తి గదా నీకు."

చెప్పాడు. నిజంగానే చెప్పాడు. ఆయన చెబుతుంటే నేను ఫోన్లో ఒంటి పిన్ను మేలా ఐదు పిన్నులు మేలా అని ఎవరో వాదించుకుంటున్న వీడియో చూస్తూ ఊఁ కొట్టాను. ట్రాక్టరు సాళ్ల మధ్య ముప్పావు అడుగే. కందికీ కందికీ ఆరు అడుగులే. నేను నలభై గజాలకు తిప్పిన చక్రం ముప్పై గజాల్లో ఉన్న పంది మీద పెట్టాను. బాణం పైనుంచి పోక ఏం చేస్తుంది?

"మల్ల పోయినసారి ఆడ పోటీ కాడ ఏం లెక్కపెట్టినావు?" అన్నాడు నాయన ఉన్నట్టుండి.

అక్కడ ముళ్లచెట్లూ రాళ్లూ తప్ప ఏమున్నాయి లెక్కపెట్టడానికి? నేను గింజుకున్నది పిన్నులు ఐదున్నందుకు కాదు, కందులు లేనందుకు. దూరం చూడటం నాకు అసలు రాదు. ఇన్నేళ్లూ మా నాయన వేసిన సాళ్లే నాకు చూసి పెట్టాయి. ఈ సంగతి పదేళ్లుగా విల్లు పట్టిన నాకు తట్టలేదు, నెత్తికి కట్టు కట్టుకుని కూర్చున్న మనిషికి తట్టింది.

మర్నాడు విల్లు సంచీలో వేసుకుని మామ కొట్టుకు పోయాను. "ఎవరికన్నా ఇచ్చెయ్ మామా. నేనింక ముట్టను" అన్నాను. దరఖాస్తు కూడా చించేస్తానన్నాను. జరిగిందంతా చెబుతుంటే మామ చేతిలో పానా అట్లాగే ఆగిపోయింది.

"యా అల్లా! గెనిమ ఎనకాలనే కూసోని ఉండెనా?"

"అదే నాకూ అర్థం కాల్యా మామా. గడ్డి కోసే మనిషికి గెనిమను ఆనుకోని ఏం పని?"

మామ నన్ను విచిత్రంగా చూశాడు. "నీకు తెలీదా పాపా? మీ నాయన దినామూ పొద్దన్నే ఈడికొచ్చి టీ తాగుతాడు గదా, కూసోంగానే ఒకటే మాట. 'ఈ పొద్దు ఇరవై నాలుగేసింది బావా, ఇరవై నాలుగూ తగిలినాయి.' నువ్వే చెప్తాండావేమో అనుకుంటి."

"నేనెప్పుడు చెప్పినా? నన్ను ఎప్పుడన్నా అడిగితే కదా ఆయన!"

"అదే మల్ల. గెనిమ అవతల కూసోని ఇంటాడంట. బాణం పందికి తగిల్తే టప్ అంటాది గదా, ఆ చప్పుడు. ముందరొచ్చి కూసుంటే నువ్వు బెదుర్తావని."

నేను అక్కడున్న పాత టైరు మీద కూలబడ్డాను. ఎన్ని పొద్దులు! గడ్డి కోస్తున్నాడనుకున్నానే. కోసిన గడ్డి ఎప్పుడూ పిడికెడే ఉండేదే, అది కూడా చూడలేదు నేను. ప్రతి పొద్దూ గట్టు అవతల గొంతుక్కూర్చుని, కూతురి బాణాలు ఒక్కొక్కటే వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. ఆ పొద్దు పంది చోటు మారిందని తనూ చోటు మార్చుకున్నాడు. కాలు తిమ్మిరెక్కితే కాస్త లేచాడు. ఆ లేవడమే.

"పంది లావుగా కనపడింది మామా" అన్నాను. "చూసినా. చూసి కూడా వదిలినా."

ఆ పొద్దే చెప్పలేదా నీకు అని మామ ఎన్ని మాటలైనా అనొచ్చు. ఒక్కటీ అనలేదు. నా తల మీద చెయ్యి పెట్టి, "పో పాపా, ఇంటికి పో. విల్లు ఈడ పెట్టి పో" అన్నాడు.

వారం రోజులు పొలం వైపు పోలేదు. దరఖాస్తు గూట్లో అట్లాగే ఉంది, సైటు 'ఏది' అన్న చోట ఖాళీగా. చించడానికి రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను. నాయన అది చూశాడు.

ఆదివారం పొద్దున లేచేసరికి ఆయన ఇంట్లో లేడు. ఎండ వచ్చింది, కాఫీకి కూడా రాలేదు. తలకు దెబ్బ తగిలిన మనిషి, ఎక్కడన్నా కళ్లు తిరిగి పడ్డాడేమోనని పొలానికి పరిగెత్తాను. బండిదారి మలుపు తిరిగి, నిలబడిపోయాను.

దక్షిణం సగంలో కంది లేదు.

మొత్తానికి మొత్తం లేదు. ఒక్క మొక్క లేదు. నడుం ఎత్తు కంది అంతా పెరికి, గట్టు మీద కుప్పగా పడి ఉంది. ఆకులింకా వాడలేదు. మిగిలింది వేరుశనగ ఒక్కటే, గుబురుగా కమ్ముకుని, ఏది ఏ సాలో తెలియకుండా ఒకటే పచ్చదనం. ఆ పచ్చదనం మధ్యలో, ఊడలు దిగిన చేన్లో, అటూ ఇటూ నడిచిన అడుగుల జాడలు. కుక్క దూరితే ఓర్వని మనిషి అడుగుల జాడలు.

ఇది చదివే మీకు తెలుసో లేదో, మా చోట వానలు మోసం చేసి వేరుశనగ ఎండిపోయిన ఏడు కూడా కంది నిలబడుతుంది. ఇంటికి పప్పు అదే, ఆశ అదే. ఎన్నో ఏళ్లకు వానలు సరిగ్గా పడిన ఏడు ఇది. పచ్చగా నిలబడి ఉన్న పైరును చేతులారా పెరికిన రైతును మా ఊళ్లో ఎవరూ చూసి ఉండరు. నేను చూశాను. గట్టు మీద కూర్చుని, ఎర్రగా కమిలిన అరచేతులను తలగుడ్డతో తుడుచుకుంటున్నాడు.

"ఏం పని చేసినావు నాయనా!" అని అరిచాను. "నీకేమన్నా పిచ్చి పట్టినాదా? ఎవురు పెరకమన్యారు నిన్ను?"

"అరవాకు" అన్నాడు. "ఆడ ఉంటాదా కంది, పోటీ కాడ?"

నేను తల అడ్డంగా ఊపాను.

"ఉండదు గదా. ఇంగ కండ్లతో చూడు. ఈ ఏడు పప్పు కొనుక్కుందాం."

కంది కుప్ప మీద నా విల్లు ఉంది. దానికి మామ చేసిన ఐదు స్పోకుల సైటు బిగించి ఉంది. వీళ్లిద్దరూ ఎప్పుడు మాట్లాడుకున్నారో నాకు తెలియదు. పంది గట్టు ముందర లేదు. దాన్ని కూడా నాయన ఎక్కడికో జరిపి, కాస్త పక్కకు వాలిన గట్టు మూలలో నిలబెట్టాడు. అది ఎన్ని గజాలో నాకు తెలియదు, తెలుసుకునే దారి కూడా లేదు.

విల్లు పట్టుకునే ముందు నేను తూర్పు గట్టు పొడుగునా నడిచి, కిత్తనార సందుల్లోకి వంగి వంగి చూసి, అవతలి మడి అంతా తిరిగి వచ్చాను.

"నేను ఈడ ఉండాను గదా మ్మే, ఇంగెవురుంటారు ఆడ?" అన్నాడు నాయన.

మొదటిసారిగా ఆయన నా పక్కన నిలబడ్డాడు. చేతులు వెనక కట్టుకుని, నాలుగు అడుగుల దూరంలో, తప్పు చేసినవాడిలా. నేను తాడు లాగాను. నలభై ఉంటుందనిపించి మూడో పిన్నును పంది కడుపు మీద పెట్టాను. రెండో పిన్ను వీపు మీదికి రావాలి. రాలేదు, కడుపులోనే ఉంది. రెండూ కడుపులోనే దాక్కున్నాయి. పంది నేననుకున్న దానికన్నా దగ్గరే ఉంది. తాడు నెమ్మదిగా వెనక్కి వదిలి, కళ్లు తుడుచుకుని, మళ్లీ లాగాను. ఈసారి రెండో పిన్ను.

'టప్' అంది.

దరఖాస్తు ఆ సాయంత్రమే పంపాను, ఐదు పిన్నులని రాసి. పోటీ ఇంకా జరగలేదు. గెలుస్తానో లేదో నాకు తెలియదు. కానీ ఆ పొద్దు బాణం తగిలాక నాయన వైపు చూడటానికి నాకు వెంటనే ధైర్యం చాల్లేదు. ఆయన చెవి వెనక చెయ్యి పెట్టుకుని, కాసేపు అట్లాగే పంది వైపు చూశాడు.

"ఈడికి సరిగా ఇనపల్యా" అన్నాడు. "ఇంగోటి ఎయ్."